బ్విండీ గొరిల్లాల దగ్గరికి 67 ఏళ్ల నాన్నగారిని తీసుకెళ్లవచ్చా?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇదీ. వచ్చే డిసెంబరు సెలవుల్లో మీరు, మీ వారు, 13 ఏళ్ల అబ్బాయి, 67 ఏళ్ల మీ నాన్నగారు హైదరాబాదు నుంచి ఉగాండా వెళ్లి కొండ గొరిల్లాలను చూడాలనుకుంటున్నారు. నాన్నగారికి ఎడమ మోకాలి నొప్పి ఉంది. ఆయన అంత అడవిలో నడవగలరా, గొరిల్లాలు మీద పడితే ఏమిటి గతి, గొరిల్లాలను చూసే పర్మిట్‌కు మనిషికి 800 డాలర్లు పోయడం తగునా అని మూడు సందేహాలు అడిగారు. నేను ఉగాండా రాజధాని కంపాలాలో ఒక మందుల కంపెనీ లెక్కల విభాగంలో 11 ఏళ్లు పనిచేశాను. ఆ కాలంలో బ్విండీ అడవికి అయిదుసార్లు వెళ్లాను. అందులో నా సరదాకి వెళ్లింది రెండుసార్లే, మిగతా మూడూ ఇక్కడినుంచి వచ్చిన చుట్టాలను వెంటబెట్టుకుని వెళ్లినవి. కాబట్టి మోకాళ్ల సంగతి, మొహమాటాల సంగతి కొంత తెలుసు.

మీరు అడగని విషయంతోనే మొదలుపెట్టాలి. అబ్బాయికి ప్రవేశం లేదు. ఉగాండాలోనూ రువాండాలోనూ గొరిల్లాల దగ్గరికి వెళ్లడానికి కనీస వయసు 15 ఏళ్లు. పర్మిట్ పాస్‌పోర్టు వివరాలతో ఇస్తారు, ఆ ఉదయం పాస్‌పోర్టు మళ్లీ చూస్తారు. "అబ్బాయి పొడుగ్గానే ఉన్నాడు కదా, చూద్దాం లెండి" అని ఏ ఏజెంటైనా అంటే అతనికి అడ్వాన్సు కట్టకండి. పిల్లలకు తరచుగా వచ్చే జలుబులు, తట్టు లాంటివి గొరిల్లాలకు అంటుకుంటే వాటి ప్రాణాలమీదికి వస్తుంది. పైగా 150 కిలోలకు మించిన మగ గొరిల్లా ఎదురుగా లేచి నిలబడినప్పుడు పిల్లవాడు బెదిరి పరుగు తీస్తే ఆపేవాళ్లు ఉండరు.

అంతమాత్రాన ప్రయాణం మానుకోనక్కరలేదు. మీరూ నాన్నగారూ గొరిల్లాల దగ్గరికి వెళ్లిన రోజు మీ వారు అబ్బాయితో ఉండవచ్చు. బ్విండీకి ఉత్తరాన క్వీన్ ఎలిజబెత్ పార్కు ఉంది. అక్కడి కాజింగా కాలువలో పడవ మీద వెళితే నీటిగుర్రాలు, ఏనుగులు, అడవిదున్నలు గట్టుమీదే కనిపిస్తాయి. దాని దక్షిణ భాగమైన ఇషాషాలో అత్తిచెట్ల కొమ్మల మీద పడుకునే సింహాలు ఉన్నాయి. 13 ఏళ్ల వాడికి అది చాలు. మరో రెండేళ్లు ఆగి అబ్బాయితో కలిసి వెళ్లాలని మీకు అనిపించవచ్చు. నేనైతే ఆగను. అబ్బాయికి ముందు ఎన్నో డిసెంబర్లు ఉన్నాయి, మోకాలికి అన్ని లేవు.

ఇక నాన్నగారి సంగతి. ఆయన విషయంలో అందరూ మోకాలి గురించే ఆలోచిస్తారు. నన్నడిగితే ముందు దాటవలసిన గడప ఎల్లో ఫీవర్ టీకా. ఉగాండాలో దిగడానికి ఆ ధ్రువపత్రం కావాలి. అక్కడినుంచి తిరిగి వచ్చేటప్పుడు అది లేకపోతే మన దేశంలోనే విమానాశ్రయంలో ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే ధ్రువపత్రం చెల్లుతుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. చిక్కెక్కడంటే ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. 60 దాటినవారు మొదటిసారి వేయించుకున్నప్పుడు తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం కుర్రవాళ్లకంటే ఎక్కువ. అరుదే, కానీ ఉంది. ఆయన బీపీ, షుగరు, వాడుతున్న మందుల వివరాలు పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లి, వేయించవచ్చా లేదా అని తేల్చుకోండి. పర్మిట్లు, విమానం టికెట్లు ఆ తర్వాతే. చాలామంది టికెట్లు కొన్నాక టీకా కేంద్రం వెతుకుతారు.

మోకాలి విషయానికి వస్తే, ఎంతసేపు నడవాలో ఎవరూ ముందుగా చెప్పలేరు. నా మొదటి ప్రయాణంలో న్‌కురింగో వైపు నుంచి వెళ్లాం. ఉదయం ఎనిమిదిన్నరకు లోయలోకి దిగడం మొదలుపెడితే గొరిల్లాలు కనిపించేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. తిరిగి ఎక్కేసరికి చీకటి పడబోతోంది. రెండోసారి బుహోమాలో నలభై నిమిషాల్లో వాటి మధ్యన ఉన్నాం, మధ్యాహ్నం భోజనానికి లాడ్జిలో ఉన్నాం. అదే అడవి, అదే రుసుము. గొరిల్లాలు ముందు రోజు సాయంత్రం ఎక్కడ పడుకుంటే మన నడక అక్కడిదాకా.

బ్విండీకి నాలుగు వైపుల నుంచి ప్రవేశం ఉంది: ఉత్తరాన బుహోమా, తూర్పున రుహీజా, దక్షిణాన రుషాగా, న్‌కురింగో. పర్మిట్ ఏ వైపుకు తీసుకుంటే అక్కడే వెళ్లాలి. ఒకవైపు నుంచి మరోవైపుకు కారులో రెండు మూడు గంటలు పట్టవచ్చు కాబట్టి లాడ్జి ఒకచోట, పర్మిట్ మరోచోట కాకుండా చూసుకోండి. ఈ పొరపాటు నేను కళ్లారా చూశాను. నాన్నగారికి బుహోమా మేలు. అక్కడ నేల కొంత నయం, 1993లో పర్యాటకులను మొదట అనుమతించింది కూడా అక్కడే. న్‌కురింగో మాట తలపెట్టకండి. దిగడమంతా దిగి, అలసిపోయాక ఎక్కాలి. మోకాలికి ఎక్కడం కంటే దిగడమే పెద్ద బాధ అని మీకు తెలిసే ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. పోర్టరును పెట్టుకోండి, నాన్నగారికి ఇద్దరిని పెట్టండి. మనవాళ్లతో వచ్చే ఇబ్బంది ఇక్కడే. "నా సంచి నేను మోసుకోలేనా?" అంటారు. సంచిలో ఉండేది రెండు నీళ్ల సీసాలు, ఒక రెయిన్‌కోటు. పోర్టరు సంచి కోసం కాదు, చేయి కోసం. మా మేనమామ 70 దాటాక వచ్చారు. ఊళ్లో మునసబుగా వెలిగిన మనిషి, ఒకరి చేయి పట్టుకుని నడవడం నామోషీ. తడిసిన ఆకులమీద మొదటిసారి జారి కూర్చున్నాక ముందునుంచి ఒక అమ్మాయి చేయి పట్టి లాగుతుంటే, వెనకనుంచి ఒక కుర్రవాడు నడుము దగ్గర ఆనించి తోస్తుంటే, మాట్లాడకుండా కొండెక్కారు. తిరిగి వచ్చాక ఆ అమ్మాయికి ముందు అనుకున్న దానికి రెట్టింపు ఇచ్చారు. పోర్టర్లు పార్కు అంచు ఊళ్ల రైతులు, వారిలో ఆడవాళ్లూ చాలామంది. వంతులవారీగా పని దొరుకుతుంది. రోజుకు సుమారు 20 డాలర్లు, పైన మీ ఇష్టం. మీకు అవసరం లేదనిపించినా ఒకరిని పెట్టుకోండి.

అసలు నడవలేని పరిస్థితి వస్తే పల్లకీలాంటి ఏర్పాటు కూడా ఉంది. పదిమందికి పైగా ఊళ్లవాళ్లు వంతులు మార్చుకుంటూ మోస్తారు. కొన్ని వందల డాలర్లవుతుంది, ముందుగా చెప్పి పెట్టాలి. నాన్నగారు ఒప్పుకోకపోవచ్చు, కానీ ఉందని తెలిస్తే ధైర్యం.

రువాండా మాట కూడా చెప్పాలి. అక్కడ పర్మిట్ 1,500 డాలర్లు, 2017 నుంచి అంతే. ఉగాండాలో 2024 జులై నుంచి 800. రువాండాలో రాజధాని కిగాలీ నుంచి అడవి అంచుకు రెండున్నర గంటల మంచి రోడ్డు. ఉగాండాలో మీరు విమానం దిగే ఎంటెబ్బే నుంచి బ్విండీకి ఎనిమిది నుంచి పది గంటలు, చివరి భాగం దుమ్ము, గుంతలు. రువాండాలో ఉదయం మనుషులను చూసి, నడవగలిగే శక్తిని బట్టి గుంపులు కేటాయిస్తారు. మోకాలిని మాత్రమే చూస్తే రువాండాయే తేలిక. అయినా ఒక్కొక్కరికి 700 డాలర్ల తేడా చిన్నది కాదు. మధ్యేమార్గం ఒకటుంది. ఎంటెబ్బే నుంచి కిహీహీకి చిన్న విమానాలు నడుస్తాయి, అక్కడినుంచి బుహోమా దగ్గర. పది గంటల రోడ్డు ప్రయాణంతో పట్టేసిన మోకాలితో మర్నాడు కొండ ఎక్కించడం కంటే ఆ డబ్బు పెట్టడం నయం. కాంగోలో పర్మిట్ 400 డాలర్లే అని ఎక్కడైనా చదివితే ఆశపడకండి. విరుంగా ప్రాంతంలో జరుగుతున్న సాయుధ ఘర్షణల మధ్యకు కుటుంబంతో వెళ్లే పని లేదు.

ఆ రోజు ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే సగం భయం పోతుంది. ఏడు, ఏడున్నరకల్లా పార్కు కార్యాలయానికి చేరాలి. అప్పటికే ట్రాకర్లు అడవిలో ఉంటారు. గొరిల్లాలు ప్రతి రాత్రి కొత్తగా ఆకులు, కొమ్మలు వంచి గూడు కట్టుకుని పడుకుంటాయి, తెల్లారాక దాన్ని వదిలేస్తాయి. ట్రాకర్లు నిన్న వదిలిన చోటినుంచి మొదలుపెట్టి, రాత్రి గూళ్లు వెతికి పట్టుకుని, విరిగిన కాడలు, పేడ, చేతి మెటికల ముద్రలు చూసుకుంటూ వెళ్లి రేడియోలో గైడుకు కబురు చెబుతారు. ఈలోగా మీకు నియమాలు వివరిస్తారు. గుంపుకు ఎనిమిది మంది, గంటసేపు, అంతే. మోకాలి సంగతి గైడుకు అప్పుడే చెప్పండి. దగ్గరి గుంపుకు మార్చే వీలుంటే చూస్తారు, హామీ మాత్రం ఉండదు. అందరిలోకీ నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించమని కూడా అడగండి. వెనక ఉంటే మిగతావాళ్లు ఆగిన ప్రతిసారీ ఆయన వారిని అందుకునేసరికి వాళ్లు మళ్లీ బయలుదేరతారు, ఆయనకు విశ్రాంతే ఉండదు.

కొంతదూరం తేయాకు తోటలు, అరటి తోటలు. తర్వాత అడవి మొదలవుతుంది, దారి అయిపోతుంది. ముందు మనిషి కత్తితో తీగలు నరుకుతూ ఉంటాడు. కాలు నేలమీద పడుతోందో, అల్లుకున్న తీగల మీద పడుతోందో తెలియదు. ముట్టుకుంటే మంటెత్తే ఆకులు ఉంటాయి, ఆసరాకు దొరికిన కొమ్మనల్లా పట్టుకుంటాం కాబట్టి తోటపని చేతితొడుగులు తప్పనిసరి. బారులు తీరి నడిచే కుట్టుచీమలు ప్యాంటులోకి దూరితే రేంజరు ఎదుటే ప్యాంటు విప్పుకునే పరిస్థితి. అందుకే ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకోవాలి. చూడటానికి వింతగా ఉంటుంది, అందరూ అలాగే ఉంటారు.

ట్రాకర్లు కనిపించాక సంచులు, చేతికర్రలు, తిండి అన్నీ పోర్టర్ల దగ్గర వదిలేయాలి. మాస్కు కట్టుకోవాలి. ఇక మాటలు బంద్. మొదట వాసన వస్తుంది, పశువుల కొట్టం వాసనకు చెమట కలిసినట్టు. తర్వాత కాడలు పటుక్కుమని విరిగే చప్పుడు. గైడు గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు లోపలినుంచి మూలుగుతాడు. వాటి భాషలో "మేమే, భయం లేదు" అని. కాసేపటికి పొదలోనుంచి అదే జవాబు వస్తుంది. నాకు ఆ జవాబు విన్నప్పుడల్లా ఒళ్లు జలదరించేది, వాటిని చూసిన నాలుగుసార్లూ.

మగ గొరిల్లా 12, 13 ఏళ్లు వచ్చేసరికి వీపుమీద వెంట్రుకలు తెల్లబడతాయి. దాన్నే సిల్వర్‌బ్యాక్ అంటారు. గుంపుకు పెద్ద అదే. మన చెరకు గడ చెక్కు తీసినట్టు అడవి కాడల తొక్క వలిచి, లోపలి గుజ్జు నములుతూ కూర్చుంటుంది, మనల్ని లెక్కచేయదు. రోజంతా ఆకులే తినే కడుపు కాబట్టి గుంపంతా తెరిపి లేకుండా అపాన వాయువులు వదులుతూ ఉంటుంది. వర్ణనల్లో ఈ సంగతి ఎవరూ రాయరు. పిల్ల గొరిల్లాలు మాత్రం మనల్ని చూసి రొమ్ము చరుచుకుని, తూలి, బొక్కబోర్లా పడతాయి. రొమ్ము చరుచుకోవడం పిడికిళ్లతో అనుకుంటాం. కాదు, దోసిలిలా వంచిన అరచేతులతో, అందుకే ఆ చప్పుడు అంత గుల్లగా, దూరం వినిపిస్తుంది.

మీద పడతాయా అన్నారు. మీరు చూడబోయే గుంపులను రెండు మూడేళ్లపాటు రోజూ మనుషులు వెళ్లి, దూరంగా కూర్చుని, తరిమితే వెనక్కి తగ్గి, మళ్లీ వెళ్లి అలవాటు చేశారు. అయినా ఒక్కోసారి పెద్దది అరుస్తూ నాలుగు అడుగులు దూసుకువస్తుంది. దాదాపుగా అది బెదిరింపే. పరుగెత్తకూడదు. కళ్లలోకి చూడకుండా తల దించుకుని, గైడు చెప్పినట్టు మెల్లగా కూర్చుండిపోవాలి. నాకు ఒకసారే ఎదురైంది, మూడు సెకన్లు. వెంట వచ్చే తుపాకులు గొరిల్లాల కోసం కావు. అడవి ఏనుగులు ఎదురైతే గాలిలోకి కాల్చడానికీ, మనుషుల నుంచి రక్షణకీ. 1999 మార్చిలో బుహోమాలో రువాండా మిలీషియా చేతిలో ఎనిమిది మంది పర్యాటకులు చనిపోయారు. ఆ తర్వాతే సాయుధ కాపలా ఇంత గట్టిపడింది.

భయపడవలసిన దిశ ఇంకొకటి. 1996లో బ్విండీలో ఒక గుంపుకు గజ్జి పట్టింది, వెంట్రుకలు ఊడి ఒక పిల్ల చనిపోయింది. అప్పటి ఉగాండా వన్యప్రాణి పశువైద్యురాలు గ్లాడిస్ కలేమా-జికుసోకా ఐవర్‌మెక్టిన్ అనే మందు ఇచ్చి మిగతావాటిని బతికించారు. అడవి అంచున మనుషుల మాసిన బట్టల నుంచి ఆ పురుగు సోకి ఉంటుందని తేలింది. ఊళ్లలో మనుషుల ఆరోగ్యం బాగుంటేనే గొరిల్లాలు బాగుంటాయని ఆమె 2003లో ఒక సంస్థే పెట్టారు. మన జలుబు వాటికి న్యుమోనియా కాగలదు. అందుకే మాస్కు, అందుకే పది మీటర్ల దూరం. పిల్ల గొరిల్లాలకు ఈ నియమం తెలియదు కాబట్టి అవి దగ్గరికి వస్తే మీరే వెనక్కి జరగాలి.

నాలుగోసారి నేను దగ్గుతో వెళ్లాను. రెండు రోజులుగా ఉంది, తగ్గిపోతుందిలే అనుకున్నాను. బ్రీఫింగ్‌లో రెండుసార్లు దగ్గగానే రేంజరు నా పక్కకు వచ్చి, మర్యాదగానే, మీరు ఈ రోజు ఇక్కడే ఉండండి అన్నాడు. చుట్టాలు వెళ్లారు, నేను కార్యాలయం మెట్లమీద కూర్చుని బిస్కెట్లు తిన్నాను. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు లేదు. విమానంలో ఏసీకి జలుబు చేసే అలవాటు మీలో ఎవరికైనా ఉంటే దిగిన మర్నాడే ట్రెక్కింగ్ పెట్టుకోకండి, మధ్యలో రెండు రోజులు ఉంచండి. ఇలా ఆపేస్తే డబ్బు ఎంత తిరిగి వస్తుందో పర్మిట్ కొనేటప్పుడే రాతపూర్వకంగా అడగండి.

800 డాలర్లు, అంటే దాదాపు 70 వేల రూపాయలు, గంటకు. తగునా అంటే నా లెక్క ఇది. 1981లో ఉగాండా, రువాండా, కాంగో సరిహద్దుల్లోని విరుంగా కొండల్లో లెక్కిస్తే 254 గొరిల్లాలు. 2015-16లో లెక్కిస్తే 604. బ్విండీ వైపు 2018లో లెక్కించిన 459 కలిపితే ప్రపంచం మొత్తానికి 1,063. జంతుప్రదర్శనశాలల్లో కనిపించేవి వేరే రకం, కొండ గొరిల్లా అక్కడ ఒక్కటీ లేదు. అంతరించిపోతాయనుకున్నవి పెరిగాయంటే ట్రాకర్లకు, పశువైద్యులకు, కాపలాకు రోజూ జీతాలు అందాయి కాబట్టి. ఆ జీతాలకు పర్మిట్లే ఆధారం. ఒక్కో పర్మిట్‌లోనుంచి 10 డాలర్లు చుట్టుపక్కల ఊళ్లకు వెళతాయి, అది తక్కువనే నా అభిప్రాయం. 2020 జూన్‌లో న్‌కురింగో గుంపు పెద్ద రఫీకిని ఒక వేటగాడు బల్లెంతో పొడిచి చంపాడు, 11 ఏళ్ల జైలు పడింది. పర్యాటకులు లేక అడవి వెలవెలపోయిన కోవిడ్ రోజులవి.

ఈ కథలో నాకు మింగుడుపడని ముక్క కూడా ఉంది. 1991లో బ్విండీని జాతీయ పార్కుగా ప్రకటించినప్పుడు తరతరాలుగా ఆ అడవిలో బతికిన బత్వా ప్రజలను బయటికి పంపేశారు. భూమి ఇవ్వలేదు. ఇప్పుడు వాళ్లు పర్యాటకులకు తమ పాత జీవితాన్ని చూపించి నాలుగు డబ్బులు తెచ్చుకుంటున్నారు. బుహోమాలో ఒక పూట వాళ్లతో నడవండి, అబ్బాయిని కూడా తీసుకెళ్లండి. డబ్బు ఎవరి చేతికి అందుతుందో మాత్రం అడిగి ఇవ్వండి.

చిల్లర సంగతులు కొన్ని. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వానలు తక్కువే, కానీ వాన పడని రోజు ఉంటుందని నమ్మకండి. క్రిస్మస్ రద్దీ వల్ల పర్మిట్లు చాలా నెలల ముందే అయిపోతాయి. భూమధ్యరేఖ కదా అని పలుచని బట్టలు తీసుకెళతారు, రాత్రిళ్లు స్వెట్టరు లేనిదే నిద్ర పట్టదు. డాలర్ నోట్లు కొత్తవే తీసుకెళ్లండి, 2009కి ముందు ముద్రించినవి అక్కడ తీసుకోరు. మలేరియా మాత్రల గురించి అదే డాక్టరును అడగండి. ఎబోలా, మార్‌బర్గ్ లాంటి అంటువ్యాధుల వార్తలు ఉన్నాయేమో బయలుదేరేముందు చూసుకోండి. శాకాహారులకు అరటికాయ ఉడికించి చేసే మటోకే, చిక్కుడు గింజల కూర, వేరుసెనగ పులుసు దొరుకుతాయి. చపాతీ ఊరూరా ఉంటుంది, మనదేశం నుంచి వెళ్లినవాళ్లు తీసుకెళ్లిందే. అడవిలోకి మా ఆవిడ చింతపండు పులిహోర కట్టిచ్చేది, ఎనిమిది గంటలైనా పాడవదు. గొరిల్లాలకు దూరంగా వచ్చాకే పొట్లం విప్పాలి.

ఫొటోల గురించి ఒక్క మాట. ఫ్లాష్ ఆపేయండి. మొదటిసారి నేను గంటలో దాదాపు 400 ఫొటోలు తీశాను, సగానికి సగం ఆకులు, మిగతా సగం నల్లటి మచ్చలు. మేనమామ దగ్గర కెమెరా లేదు. ఒక బోదెమీద కూర్చుని, పాలు తాగుతున్న పిల్లను, దాని వేలి గోళ్లను చూస్తూ ఉండిపోయారు. ఊరెళ్లాక ఆ గోళ్ల గురించే చెప్పేవారట, "అచ్చం మన పిల్లల గోళ్లేరా" అని.

ముందు టీకా గురించి డాక్టరు ఏమన్నారో రాయండి. నాన్నగారు ఇప్పుడు ఆగకుండా ఎంతసేపు నడవగలరో, మెట్లు దిగేటప్పుడు నొప్పి ఎలా ఉంటుందో కూడా రాయండి. దాన్నిబట్టి బుహోమాయా, రువాండాయా అన్నది తేల్చుకుందాం. ఈలోగా ఆయనను రోజూ ఉదయం అపార్ట్‌మెంటు మెట్లు రెండంతస్తులు ఎక్కి దిగమనండి, లిఫ్టు వద్దని చెప్పండి.